తుమ్ముల గోలీ, ఒంటి బరువు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కేసముద్రం వ్యవసాయ మార్కెట్‌లో ఎండుమిర్చి బస్తా మూతి విప్పి రాశి పోస్తుంటే దగ్గరగా నిలబడి చూడండి. కాయలు జారిపడుతుంటే సన్నటి ఎర్రదుమ్ము లేస్తుంది. ముందు ముక్కులో చురుక్కుమంటుంది, ఆ వెంటనే గొంతులో గీర పుడుతుంది, అంతలోనే కళ్లు చెమ్మగిల్లుతాయి. హమాలీలు ముక్కుమీదుగా తువ్వాల బిగించి కట్టుకుంటారు. అయినా తుమ్ములు ఆగవు. మిర్చి సీజన్ ఒక్కటే అయితే ఎలాగో గడిచిపోయేది. పసుపు కొమ్ముల దుమ్ము, మక్కల పొట్టు, వడ్ల నుసి... ఏడాదిలో ఏదో ఒకటి గాలిలో తేలుతూనే ఉంటుంది. సాయంత్రానికి ముక్కు కారుతూ మందుల షాపు ముందు నిలబడి "సర్ది గోలీ ఒకటి ఇయ్యి" అని అడిగేవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో తక్కువేం కాదు.

ఆ ఒక్క గోలీతో మనకు పేచీ లేదు. కానీ అది వారానికి మూడుసార్లయి, నెలలకు నెలలు సాగి, మధ్యమధ్య ఒక సూది కూడా తోడైనప్పుడు ఇంట్లో ఒక మాట వినబడుతుంది: "ఈ మధ్య ఒళ్లు చేసినవు." కొందరు దాన్ని మెచ్చుకోలుగా అంటారు, కొందరు బెంగగా అంటారు. అలర్జీ మందులు నిజంగా ఒంటి బరువును పెంచుతాయా? పెంచితే ఒంట్లో పెరిగేది ఏమిటి? ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రశ్న కోసమే రాస్తున్నాను. ఎందుకంటే మొదటిదానికి జవాబు దొరికినా రెండోదాన్ని అడగకపోతే అసలు నష్టం కనబడదు.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. మిర్చి దుమ్ముకు వచ్చే తుమ్ము చాలా మటుకు అలర్జీ కాదు. మిరపకాయ ఘాటుకు మూలం క్యాప్సైసిన్. అది ముక్కు, గొంతు పొరల్లో మంటను పసిగట్టే నరాల కొసలను నేరుగా తడుతుంది. ఆ కొసల మీద ఉండే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021లో ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతికి పునాది ఆ పనే. వేడి నీళ్లు తగిలినా, మిరప ఘాటు తగిలినా స్పందించేది ఆ గ్రాహకమే. ఈ దారిలో మన రోగనిరోధక వ్యవస్థకు పెద్దగా పాత్ర లేదు. అందుకే అలర్జీ గోలీ వేసుకున్నా మిర్చి దగ్గు అంతగా లొంగదు. దానికి మందు దుమ్ముకు దూరం జరగడం, ముక్కుకు గట్టి అడ్డు పెట్టుకోవడం. అలర్జీ కాని తుమ్ముకు అలర్జీ మందు వాడితే లాభం రాకుండానే ఖర్చు మొదలవుతుంది. ఆ ఖర్చులో బరువు కూడా ఒకటి.

అసలైన అలర్జీలకు కూడా ఇక్కడ కొదవ లేదు. పాత పరుపుల్లో, దుప్పట్లలో కంటికి ఆనని పురుగులు, తేమ తగిలిన ధాన్యం మీది బూజు, పుప్పొడి, వీటన్నిటికీ తోడు వయ్యారిభామ. 1950ల మధ్యలో పుణె దగ్గర మొదటిసారి కనబడిన ఈ కలుపు మొక్క ఇవాళ మన పొలం గట్లమీద, రైలుపట్టాల పక్కన, ఖాళీ ప్లాట్లలో తెల్లటి పూలతో నిండిపోయి ఉంది. దాని ఆకు, పుప్పొడి పడనివాళ్లకు మొహం, మెడ, చేతులు నల్లబడి, మందమెక్కి, దురదతో రగిలిపోతాయి. కొందరికి ముక్కు, ఊపిరి కూడా ఇబ్బంది పెడతాయి. ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లలో ఈ రోగులు చాలామంది.

అలర్జీలో జరిగేది ఇది: శరీరం అపాయం లేని ఒక పదార్థాన్ని శత్రువుగా లెక్కగడుతుంది. చర్మంలో, ముక్కు పొరల్లో కాపలా ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలేస్తాయి. రక్తనాళాలు వదులై నీరు ఊరుతుంది, నరాలు దురద పెడతాయి, తుమ్ములు వరుసకడతాయి. 1937లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియల్ బొవే ఈ హిస్టమిన్‌కు అడ్డుపడే మొదటి పదార్థాన్ని కనిపెట్టాడు. 1957లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎవిల్, క్లోర్‌ఫెనిరమిన్, సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ అన్నీ ఆ వంశంలోవే.

అయితే హిస్టమిన్ ముక్కులో చేసే పని ఒకటి, మెదడులో చేసే పని మరొకటి. మెదడు అడుగుభాగాన, హైపోథాలమస్ వెనక అంచులో, హిస్టమిన్‌ను వార్తగా పంపే చిన్న నాడీకణాల గుంపు ఉంది. మనల్ని మెలకువగా ఉంచడం దాని పని. అందుకే పాత తరం గోలీ వేసుకుంటే మత్తు కమ్ముతుంది. ఆ గుంపుకు ఇంకో పని కూడా ఉంది: తిన్నది చాలని చెప్పడం. జపాన్‌లో తోషియే సకాతా, ఆయన సహచరులు ఎలుకల మీద ఏళ్లపాటు చేసిన పనిలో, మెదడులోని హిస్టమిన్ ఆకలిని అణచిపెడుతుందనీ, కొవ్వు కరగడానికి కూడా తోడ్పడుతుందనీ తేలింది. నమలడమే ఆ కణాలను మేల్కొల్పుతుందని కూడా వాళ్లు చూపించారు. తుమ్ము ఆపడానికి మింగిన మందు మెదడులోకి చొరబడితే ఈ 'చాలు' అనే మాట కూడా మెత్తబడుతుంది.

ఏ మందు ఎంత చొరబడుతుంది? జపాన్‌లోనే సెందాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో కజుహికో యనాయ్ బృందం పెట్ స్కాన్‌తో దీన్ని కొలిచింది. మనిషికి గోలీ ఇచ్చి, మెదడులో హిస్టమిన్ కూర్చోవాల్సిన చోట్లలో ఎన్నింటిని మందు ఆక్రమించిందో లెక్కగట్టారు. క్లోర్‌ఫెనిరమిన్‌లో చురుకైన భాగం 2 మిల్లీగ్రాములు మింగితే దాదాపు సగం. హైడ్రాక్సిజిన్ 30 మిల్లీగ్రాములకు మూడింట రెండు వంతులు. సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములకు ఎనిమిదో వంతు. ఫెక్సోఫెనడిన్‌కు సున్నా అన్నట్టే. సర్దికి, జ్వరానికి కలిపి అమ్మే చవక గోలీల్లో చాలావాటిలో ఉండేది ఆ మొదటి మందే అని గుర్తుపెట్టుకోవాలి.

మెదడులో ఈ చోట్లు మూసుకుపోతే బరువు పెరుగుతుందనడానికి గట్టి సాక్ష్యం అలర్జీ వైద్యం నుంచి రాలేదు, మానసిక వైద్యం నుంచి వచ్చింది. ఓలాంజపిన్, క్లోజపిన్ వాడే రోగులు బాగా బరువెక్కుతారు. అక్కడ 2003లో బ్రయన్ రాత్ బృందం ఒక పోలిక చేసింది: ఏ మందు హిస్టమిన్ గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, దానితో బరువు అంత ఎక్కువ పెరుగుతోంది. 2007లో జాన్స్ హాప్కిన్స్‌లో సాలమన్ స్నైడర్ బృందం ఎలుకల్లో ఇంకో అడుగు లోతుకు వెళ్లింది. ఈ మందులు హైపోథాలమస్‌లో ఆకలిని రేపే ఒక ఎంజైమును ఉసిగొల్పుతున్నాయి. హిస్టమిన్ గ్రాహకమే లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఆ పని జరగలేదు.

మరి రోజూ సెట్రిజిన్ వేసుకునే మామూలు మనిషి సంగతి? అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే 2005–06 వివరాలను యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించి 2010లో ఒక విశ్లేషణ ప్రచురించారు. అందులో 867 మంది పెద్దవాళ్లు. డాక్టరు చీటీ మీద ఈ తరహా మందులు వాడుతున్నవాళ్లలో బరువు, నడుము కొలత, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా కనబడ్డాయి. ఈ ఒక్క లెక్క పట్టుకుని సెట్రిజిన్ లావు చేస్తుందని రాసేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. లావుగా ఉన్నవాళ్లకు ఉబ్బసం ఎక్కువ. ముక్కు దిబ్బడతో నిద్ర సరిగా పట్టనివాళ్లు ఎక్కువ తింటారు. దమ్ముకు భయపడి నడవనివాళ్లు ఉంటారు. మందు వల్ల బరువా, బరువున్నవాళ్లకే మందు అవసరం పడిందా అన్నది ఒకే రోజు తీసిన ఫొటో లాంటి సర్వేలో తేలదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ దుష్ప్రభావాల పట్టికలో బరువు పెరగడం ఉన్న మాట నిజమే. అది కొందరికే, అదీ కొద్దిగానే. ఆకలి పెరిగినట్టు అనిపిస్తే డాక్టరును అడిగి ఫెక్సోఫెనడిన్‌కు మారడమో, ముక్కులో కొట్టుకునే స్ప్రే వాడడమో తేలికైన దారి. కీటోటిఫెన్ అనే మరో అలర్జీ మందు విషయంలో మాత్రం ఆకలి పెరగడం చాలాకాలంగా అందరికీ తెలిసిందే.

ఈ వంశంలోనే ఒక మందు ఉంది, దాని కథ వేరు. సైప్రోహెప్టడిన్. 1960ల మొదట్లో అలర్జీకీ, దురదకూ మార్కెట్లోకి వచ్చింది. 1962లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈ మందు ఇచ్చి చూస్తుంటే వాళ్ల ఆకలి, బరువు పెరుగుతూ కనబడ్డాయి. ఇది హిస్టమిన్‌నే కాదు, తృప్తికి సంబంధించిన మరో రసాయనం సెరటోనిన్‌ను కూడా అడ్డుకుంటుంది. 'చాలు' అని చెప్పే గొంతులు రెండూ ఒకేసారి నొక్కుకుపోతాయి. అంతే, వికటించిన గుణమే అమ్మకపు గుణమైంది. మన దగ్గర తల్లులు "పిల్లగాడు తింటలేడు, ఆకలి మందు రాయండి సార్" అంటే వచ్చే తియ్యటి సీసాల్లో చాలాకాలంగా ఉంటున్నది ఇదే. దీన్ని లైసిన్‌తోనో పెప్టోన్‌తోనో కలిపి అమ్మడాన్ని మన కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయినా భారత్‌లో తయారైన అలాంటి సిరప్ ఒకటి, అపెటమిన్ పేరుతో, బ్రిటన్, అమెరికాల్లో నడుము సన్నగా పిరుదులు లావుగా కావాలనుకునే అమ్మాయిల చేతుల్లోకి దొడ్డిదారిన చేరింది. 2021లో బీబీసీ దీన్ని బయటపెట్టింది, 2023లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. మందు కోరినచోట కొవ్వు పెట్టలేదు. అది ఆకలిని పెంచుతుంది, పెరిగిన తిండి ఎక్కడికి పోవాలో శరీరమే తేల్చుకుంటుంది. మందు ఆపితే ఆకలి మొదటికే వస్తుంది. పిల్లవాడు తినకపోవడానికి కడుపులో నులిపురుగులో, రక్తహీనతో, క్షయో ఉంటే ఆ సీసా దాన్ని కొన్ని నెలలు కప్పిపెడుతుంది. నాకు కోపం తెప్పించేది అక్కడే.

ఇక అసలు సంగతికి వద్దాం. మన ఊళ్లలో అలర్జీ మందు వాడి ఒళ్లు చేసినవాళ్లలో చాలామంది సంగతి తరచి చూస్తే సెట్రిజిన్ దోషి కాదు. పొట్లంలోని ఆ చిన్న గోలీ దోషి. తెల్లకాగితం ముక్కలో మడిచి ఇచ్చే నాలుగైదు గోలీల్లో ఒకటి కందిగింజంత కూడా ఉండదు. చుట్టూ రేకు ఉండదు, పేరుండదు. వేసుకున్న పూటకే తుమ్ములు, దురద, దమ్ము అన్నీ మాయం. "ఆయన చేతి మందు మంచిగ పనిచేస్తది" అన్న పేరు ఆ గోలీ సంపాదించి పెట్టిందే. అది స్టిరాయిడ్: బెటామెథసోన్, డెక్సామెథసోన్, లేదా ప్రెడ్నిసలోన్.

స్టిరాయిడ్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. 1948–49లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టినవాళ్లను కార్టిజోన్ లేపి నడిపించింది; 1950లోనే దానికి నోబెల్ ఇచ్చారు. ఊపిరి ఆగిపోయేలా వచ్చే దమ్ములో స్టిరాయిడ్ ప్రాణం నిలుపుతుంది. 2020 జూన్‌లో, కోవిడ్ ముదిరి ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల మరణాలను తగ్గిస్తుందని మొదట రుజువైన మందు డెక్సామెథసోనే, రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా. మందు గొప్పదే. తప్పు మోతాదులో ఉంది, రోజుల లెక్కలో ఉంది, పేరు చెప్పకుండా ఇవ్వడంలో ఉంది.

మోతాదు ఎంతో చూడండి. మన మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. ఆరోగ్యవంతుడి ఒక రోజు అవసరం దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్‌కు సమానం. అదే పని చేయడానికి డెక్సామెథసోన్ 0.75 మిల్లీగ్రాములు చాలు. మామూలుగా దొరికే 2 మిల్లీలీటర్ల డెక్సా సీసాలో ఉండేది 8 మిల్లీగ్రాములు. అంటే "ఎవిల్‌తో కలిపి ఒక సూది" పేరుతో మొత్తం సీసా ఎక్కిస్తే, శరీరం పది రోజుల్లో తయారుచేసుకునేదానికి సమానమైన స్టిరాయిడ్ ఒక్క పూటలో ఎక్కినట్టు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది సరైన మోతాదే. మిర్చి దుమ్ముకు తుమ్మినందుకు కాదు.

ఇలా వారాలు, నెలలు సాగితే శరీరం లోపలి సర్దుబాటే మారిపోతుంది. కార్టిసాల్ కరువుకాలపు హార్మోను. రక్తంలో చక్కెర నిలిపి ఉంచడమే దాని మొదటి పట్టింపు. అందుకోసం తొడల్లో, భుజాల్లో ఉన్న కండను విరిచి చక్కెరగా మారుస్తుంది. ఆకలిని రెచ్చగొడుతుంది. తిన్నదాన్ని కొవ్వుగా మార్చి పొట్టలోపల, మెడ వెనక, చెంపల్లో దాస్తుంది. ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. 1932లో అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ వర్ణించిన రోగుల రూపం ఇదే: నిండు చంద్రుడిలా గుండ్రటి ముఖం, ముందుకొచ్చిన పొట్ట, సన్నబడిన కాళ్లుచేతులు, పొట్టమీద ఊదారంగు చారలు. వాళ్లలో ఆ కార్టిసాల్ లోపల పుట్టిన గడ్డల వల్ల పెరిగింది. మన వాళ్లలో అది పొట్లంలోంచి వస్తోంది. వాపును చూసి బలుపు అనుకోవడమంటే ఇక్కడ అక్షరాలా జరుగుతున్నదే. చుట్టాలు "మొహం నిండింది, రంగు తేలినవు" అంటారు. ఆ మనిషి మాత్రం నేలమీద పీట వేసుకుని కూర్చుంటే గోడనో మోకాలినో పట్టుకోకుండా లేవలేకపోతాడు. బస్సు మెట్టు ఎక్కడానికి కమ్మీ లాగాల్సి వస్తుంది. తొడ కండ కరిగిపోయిందని చెప్పే గుర్తులవి.

కేసముద్రం యార్డులో మక్కల రాశిని ఎవరూ కాంటా చూసి మాత్రమే కొనరు. గుప్పెడు గింజలు తీసి తేమ కొలిచే మిషన్లో పోస్తారు. మక్కలకు 14 శాతం, వడ్లకు 17 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, ఎందుకంటే క్వింటాలు క్వింటాలే అయినా అందులో నీళ్లెంత, గింజ ఎంత అన్నది వేరే లెక్క. ఒంటి బరువుకూ ఆ రెండో కొలత కావాలి. స్టిరాయిడ్ వాడిన మనిషి 60 కిలోల నుంచి 64 అయితే పెరిగింది నాలుగు కిలోలని కాంటా చెబుతుంది. లోపల మూడు కిలోల కండ పోయి ఏడు కిలోల కొవ్వూ నీరూ చేరి ఉండొచ్చు. బరువు అసలే మారని మనిషిలో కూడా ఈ అదలాబదలా జరిగిపోవచ్చు.

మనవాళ్లకు ఈ రెండో కొలత మరీ ముఖ్యం. పుణెలోని చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ ఇద్దరూ మధుమేహ పరిశోధకులు, మిత్రులు. 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) ఒక్కటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడడానికి సన్నగా ఉంటూ లోపల కొవ్వు మోయడం దక్షిణాసియా వాళ్లలో విస్తృతంగా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తోడ్పాటుతో, నగరానికి దగ్గరి 29 పల్లెల్లో 1987లో పిల్లల పోషణ మీద మొదలైన అధ్యయనం ఆ పిల్లలు పెద్దయ్యేదాకా కొనసాగింది. పల్లెల నుంచి వాళ్లను రప్పించి డెక్సా స్కాన్ మీద పడుకోబెట్టి ఎముక, కొవ్వు, కండ విడివిడిగా కొలిచారు. ఈ స్కాన్ పేరుకూ ఆ సూది పేరుకూ ఏ సంబంధమూ లేదు. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలతో ఒంటిని విడగొట్టి చూసే యంత్రమిది. అసలే కండ తక్కువ, పొట్టకొవ్వు ఎక్కువ ఉన్న ఒంటిమీద నెలల తరబడి స్టిరాయిడ్ పడితే చక్కెర జబ్బు ముందుగానే తలుపు తడుతుంది. ఇంట్లో స్కాన్ లేకపోయినా టేపు ఉంటుంది. నెలకోసారి బొడ్డు దగ్గర కొలత తీసుకోవడం, చేయి ఆనించకుండా నేలమీంచి లేవగలుగుతున్నామా అని చూసుకోవడం కాంటాకన్నా నిజం చెబుతాయి.

అలర్జీ పేరుతో స్టిరాయిడ్ మింగేవాళ్లలో కొందరికి అసలు జబ్బు వేరే ఉంటుంది. మన దగ్గర రాత్రిపూట ఆగని దగ్గు, పిల్లికూతలు ఉంటే "ఇస్నోఫీలియా" అనేస్తారు. రక్తంలో ఇస్నోఫిల్ కణాలు మరీ వేల సంఖ్యకు పెరిగితే, బోదకాలు పురుగు బిడ్డల మీద ఊపిరితిత్తులు చేసే తిరుగుబాటు కావచ్చు. దానికి మందు డైఈథైల్‌కార్బమజిన్. హెట్రజాన్ పేరుతో 1947లో దాన్ని లోకానికి అందించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల. మూడు వారాల కోర్సుతో చాలామందికి నయమయ్యే దగ్గును ఏళ్లపాటు చిన్న గోలీతో అణిచిపెట్టుకుంటూ మొహం ఉబ్బించుకోవడం, అదీ ఆ మందు కనిపెట్టిన తెలుగువాడి నేలమీద, నన్ను బాధపెడుతుంది.

స్టిరాయిడ్ అని తెలిశాక భయపడి ఒక్కసారిగా ఆపేయడం ఇంకో ప్రమాదం. మూడు వారాలకు మించి వాడితే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి నిద్రపోతాయి. బయటి సరఫరా హఠాత్తుగా ఆగితే రక్తపోటు పడిపోతుంది, వాంతులు, నీరసం, ఒక్కోసారి ప్రాణాపాయం. మోతాదును వారాలమీద మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చూస్తుండగా. కండ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. గుడ్డు, పప్పు, పాలు, రోజూ కాళ్లకు పని ఉండాలి. మొహం వాపు దానికన్నా ముందే తగ్గుతుంది.

దమ్ము ఉన్నవాళ్లు పీల్చే మందుకు భయపడి గోలీకి ఒప్పుకోవడం చూస్తుంటాం. "పంపు అలవాటైతది" అంటారు. పీల్చే బుడెసొనైడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, చేరవలసిన చోటికి నేరుగా చేరుతుంది, మామూలు మోతాదులో పొట్టకూ కండకూ దాదాపు ఏమీ చేయదు. పిల్లల ఎత్తు గురించి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు కూడా కొలిచిన జవాబుంది. అమెరికాలో 1990లలో మొదలైన పెద్ద పరిశోధనలో నాలుగేళ్లకు పైగా రోజూ బుడెసొనైడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక, పీల్చనివాళ్లకన్నా సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తున్నారని 2012లో తేలింది. అదుపులేని ఉబ్బసం కూడా పిల్లల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నెలల తరబడి మింగే స్టిరాయిడ్ గోలీ ఎత్తుతోపాటు ఎముకనూ కండనూ కూడా తీసుకుంటుంది. కాబట్టి పొట్లం చేతికి వచ్చినప్పుడు అందులో ప్రతి గోలీ పేరూ చీటీమీద రాయించుకోండి. పేరు రాయనంటే ఆ పొట్లం తీసుకోకండి. ఏరియా ఆసుపత్రిలోనో వరంగల్ ఎంజీఎంలోనో చూపించుకున్న నాడు ఆ చీటీ ఉంటే, మొహం ఎందుకు ఉబ్బిందో డాక్టరుకు సగం పని అక్కడే తెలిసిపోతుంది.